సిద్దప్ప రక్తానికి మునగాకు

ఆ ఉదయం సుబ్బలక్ష్మమ్మ అనుకున్న పని చిన్నది. మనవరాలికి నీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ పట్టి, ఎండ ముదరక ముందే కూతురు మాలతిని కుప్పం ఆసుపత్రికి తీసుకుపోయి కాన్పు కుట్లు చూపించుకొని రావాలి. మధ్యాహ్నానికి ఇల్లు చేరితే బాలింతకు మిరియాల చారు కాచి వేడి అన్నం పెట్టొచ్చు. అంతే.

చేతులు పని చేస్తున్నాయి గాని ఆమె ప్రాణం పుంగనూరులో ఉంది. పుంగనూరులో భర్త సిద్దప్ప ఒంటరిగా ఉన్నాడు. సిద్దప్ప దర్జీ. గంగమ్మ జాతర దగ్గర పడింది కాబట్టి ఆ వీధి ఆడవాళ్ళ రవికలన్నీ ఆయన మిషను చుట్టూ గుట్టలు పడి ఉంటాయి. మిషను బాగానే నడుస్తోంది. ఆయన గుండె మాత్రం దారి తప్పి ఏడాదయింది.

మొదట్లో ఆయన దాన్ని వాయువు అనుకున్నాడు. నాలుగడుగులు వేస్తే ఆయాసం, కూర్చుంటే దడ. ఒకనాడు సుబ్బలక్ష్మమ్మ ఆయన రొమ్ము మీద చెయ్యి పెట్టి చూసి బెదిరిపోయింది. లోపల ఒక దెబ్బ పడేది, రెండోది మరిచిపోయేది, ఆ తరువాత నాలుగైదు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చేవి. మదనపల్లెలో గుండె డాక్టరు ఈసీజీ తీసి, దీన్ని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారని చెప్పాడు. గుండె పై గదులు కొట్టుకోవడం మాని ఊరికే వణుకుతున్నాయట. వణికే చోట రక్తం నిలిచి గడ్డ కడుతుంది, ఆ గడ్డ కదిలి మెదడుకు పోతే పక్షవాతం. అందుకని గుండె వేగం తగ్గడానికి ఒక మాత్ర, రక్తం పలచన కావడానికి ఒక మాత్ర రాశాడు. పలచన చేసే మాత్ర తక్కువైతే గడ్డ కడుతుంది, ఎక్కువైతే చిన్న దెబ్బకు కూడా రక్తం ఆగదు, కాబట్టి నెలకొకసారి వచ్చి పరీక్ష చేయించుకోమన్నాడు.

ఈ మాటలు చెప్పించుకున్నది సిద్దప్ప ఒక్కడే. సుబ్బలక్ష్మమ్మ బయట వరండాలో సంచీకీ చెప్పులకూ కాపలా కూర్చుంది. బయటికి వచ్చిన సిద్దప్ప ముఖం సున్నం కొట్టినట్టు ఉంది.

"ఏమన్నాడు?"

"నా రక్తం పలచన చేస్తాడంట."

"యాల? నీ రక్తం ఆయన్ను ఏం చేసింది?"

"నాకేం తెలుసే. పక్షవాతం రాకుండా అంట. మాత్ర రాసిచ్చినాడు."

ఆ మాట సుబ్బలక్ష్మమ్మకు మింగుడు పడలేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆమె విన్నది ఒకటే, ఒంట్లో రక్తముంటేనే మనిషి. పాలలో నీళ్ళు పోసిన వాణ్ణి ఊరంతా దొంగ అంటుంది గదా, మరి రక్తంలో నీళ్ళు పోసేవాణ్ణి ఏమనాలి? అయినా డాక్టరుతో జగడం పెట్టుకునే ధైర్యం ఆమెకు లేదు. పక్షవాతం రాకుండా ఆయన చూసుకుంటాడు, మొగుడి బలం పోకుండా తను చూసుకోవాలి, అని పని పంచుకుంది. దొడ్లో మునగచెట్టు ఉండనే ఉంది.

ఒకనాడు తాళింపు, ఒకనాడు పప్పులో, ఒకనాడు సంగటిలోకి పుల్లగూర. డాక్టరు రాత్రి మాత్రతో పలచన చేసిన రక్తాన్ని ఆమె పొద్దున్నే మునగాకుతో చిక్కన చేసేది. నెల తిరిగి పరీక్షకు పోతే రక్తం పలచన కాలేదని తేలింది. డాక్టరు ఒక మాత్రను ఒకటిన్నర చేశాడు. సుబ్బలక్ష్మమ్మ భయపడిపోయి ఆకు రెండు పూటలూ పెట్టింది. మళ్ళీ పరీక్ష, మళ్ళీ అదే మాట. మాత్రలు రెండయ్యాయి. దొడ్లో మునగచెట్టు మోడయింది, ఆమె పక్కవాళ్ళ చెట్టు మీద పడింది.

"ఇంత మొండి రక్తం నేను చూడలేదు," అన్నాడట డాక్టరు. భర్త ఆ మాట చెప్పినప్పుడు సుబ్బలక్ష్మమ్మ పైకి అయ్యో అంది గాని, లోపల మురిసిపోయింది.

ఇంతలో మాలతికి నెలలు నిండాయి. పుట్టింట్లో జరగవలసిన కాన్పు. కాని నాయన గుండె వణుకుతుంటే ఆ ఇంట్లో బిడ్డ ఏడుపొకటి ఎందుకని మాలతి కుప్పంలోనే ఉండిపోయింది, తల్లే కూతురి దగ్గరికి వచ్చింది. వచ్చి నెల కావస్తోంది. సిద్దప్ప పుంగనూరులో మెస్సు భోజనం తింటున్నాడు. ఆ మెస్సువాడు ఆకుకూర కడగడానికి బద్ధకించి బంగాళాదుంప వండుతాడని ఊరంతా తెలుసు.

ఆసుపత్రికి మాలతి అత్త శాంతమ్మ కూడా బిడ్డనెత్తుకొని వచ్చింది. డాక్టరమ్మ కుట్లు చూసి బాగున్నాయంది. తరువాత మాలతి కనురెప్ప కిందికి లాగి చూసి ముఖం చిట్లించింది.

"రక్తం తక్కువగా ఉంది. ఆకుకూరలు పెడుతున్నారా?"

"బాలింతకు ఆకుకూరా డాక్టరమ్మా?" అని సుబ్బలక్ష్మమ్మ ఆశ్చర్యపోయింది. "బిడ్డకు చలవ చేసి జలుబు పట్టదా?"

"ఏ చలవా చెయ్యదు. ఆకుకూర విలువ మీకు తెలియడం లేదు."

ఆ మాట సుబ్బలక్ష్మమ్మకు ముల్లులా గుచ్చుకుంది. "నాకా తెలీదు? ఏడాదిగా మా ఇంటాయన్ను నిలబెట్టింది ఆకుకూరే. మదనపల్లె డాక్టరు రక్తం పలచన చేసే మాత్రలిస్తాండాడు. నేను రెండు పూటలా మునగాకు పెట్టి చిక్కన చేసుకుంటా వస్తాండాను. ఆయన మాత్ర పెంచితే నేను ఆకు పెంచినా. ఒక్క చుక్క పలచన కానీలేదు."

డాక్టరమ్మ కలం ఆగిపోయింది.

"గుండె వణుకుడికి, గడ్డ కట్టకుండా ఇచ్చే మాత్రేనా?"

"అదే."

"అమ్మా, ఆకులో ఉండే సత్తువే ఆ మాత్రకు విరుగుడు. మీరు ఆకు పెంచేకొద్దీ ఆయన మాత్ర పెంచుకుంటూ పోయారు. ఇప్పుడు మీరు ఇక్కడున్నారు. ఆకు ఆగిపోయింది. మాత్రలు ఆగలేదు."

"అయితే?"

"అయితే ఆయన రక్తం ఈపాటికి నీళ్ళలాగా అయి ఉండొచ్చు. ఇవాళే పరీక్ష చేయించండి. అంతవరకు ఆయనకు దెబ్బ తగలకూడదు, ఎక్కడా తెగకూడదు, గీరుకోకూడదు. ఇంతకూ ఏం పని చేస్తారాయన?"

"దర్జీ," అంది సుబ్బలక్ష్మమ్మ.

ఆసుపత్రి మెట్లు ఎట్లా దిగిందో ఆమెకు తెలియలేదు. సూదులు, కత్తెరలు, గుండుసూదులు, గడ్డం గీసుకునే బ్లేడు, అన్నీ వరసగా కళ్ళ ముందుకు వచ్చాయి. సిద్దప్ప కుట్టేటప్పుడు గుండుసూదులు పెదవుల మధ్య పట్టుకుంటాడని గుర్తొచ్చేసరికి బస్టాండు వైపు తిరిగింది.

"నువ్వు పో మా, నాకు అత్త ఉండాది," అంది మాలతి. తనూ ఏడుస్తోంది.

రోడ్డు మీద ఎస్టీడీ బూతు ఉంది. పుంగనూరులో సిద్దప్ప అంగడి పక్కనే గోవిందస్వామి చిల్లర అంగడి, అందులో ఫోను. తమ్ముడి లాంటి వాడు, పలికాడు.

"గోవిందసామీ, నేను సుబ్బలక్ష్మక్కను. మా ఇంటాయన ఏం చేస్తాండాడు?"

"కుడతాండాడక్కా. పిలిచేదా?"

"వద్దు వద్దు! చెప్తే వినే మనిషి కాదు. నువ్వు బిన్నా పరిగెత్తుకుంటా పొయ్యి ఆయన చేతిలో సూది పెరుక్కో. కత్తెర పెరుక్కో. బ్లేడు ఉంటే దాచిపెట్టు. ఆయన్ను ఒక్కణ్ణే వదలొద్దు సామీ."



"ఏమైందక్కా?" అన్నాడు గోవిందస్వామి చాలా మెల్లగా.

"అంతా నా వల్లనే. నేను చేసిన పనికి ఆయన…" ఇక్కడ ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది. కొంగుతో ముఖం తుడుచుకొని మునగాకు సంగతి చెప్పబోయే లోపల లైను తెగిపోయింది. మళ్ళీ మళ్ళీ తిప్పించింది. గోవిందస్వామి ఫోను ఎంతకూ ఖాళీ కాలేదు. ఆయన అప్పటికే ఊళ్ళో తెలిసిన వాళ్ళందరికీ ఫోను చేస్తున్నాడు.

పలమనేరు బస్సు దొరికింది. కిటికీ పక్కన కూర్చుని కళ్ళు ఒత్తుకుంటుంటే పక్కనున్న ముసలామె చూసింది.

"యాల తల్లీ ఏడుస్తాండావు?"

"మా ఇంటాయన రక్తం పలచనైపోయింది అవ్వా."

"యాడన్నా తెగిందా?"

"ఇంకా తెగలేదు."

"తెగక ముందే ఏడుస్తాండావా? బాగుండాది." ముసలామె ఒళ్ళో గంప సర్దుకుంది. "మా మరిదికీ ఇట్లే మాత్రలిచ్చినార్లే. ఒకనాడు ఏమాయనంటే, పొద్దున్నే పండ్లు తోముకుంటా ఉండాడు. తోముకుంటా తోముకుంటా ఉండి, ఉన్నట్టుండి…"

"శాంతిపురం, శాంతిపురం!" అని కండక్టరు అరిచాడు. ముసలామె గంప నెత్తిన పెట్టుకొని దిగిపోయింది. పలమనేరు దాకా ఆ కథను సుబ్బలక్ష్మమ్మే రకరకాలుగా పూర్తి చేసుకుంది. ఏ రకంలోనూ ఆ మరిది బతకలేదు.

పలమనేరులో బస్సు మారుతూ మళ్ళీ ఫోను చేసింది. ఈసారి గోవిందస్వామి భార్య వెంకటమ్మ పలికింది.

"మా ఇంటాయన లేడక్కా. మీ ఆయన్ను కార్లో వేసుకొని మదనపల్లెకు పోయినారు."

"కార్లో వేసుకొని పోయినారా? ఎక్కించుకొని పోయినారా?"

"నలుగురు పట్టుకొని వేసినారక్కా. నువ్వు బస్సు దిగొద్దు. పుంగనూరు బస్టాండులో నేనూ ఎక్కుతా."

పుంగనూరు వచ్చేదాకా ఆమె ఊపిరి తీసుకున్నది లేనిది దేవుడికే తెలియాలి. బస్టాండులో వెంకటమ్మ ఒక చేతిలో దిండు, ఒక చేతిలో ఫ్లాస్కుతో ఎక్కి, పక్కన కూర్చుని, బస్సు కదలక ముందే మొదలుపెట్టింది.

"ఈ వయసులో ఏం జగడమక్కా మీకు?"

"జగడమా? మాకా?"

"మరి! నేను చేసిన పనికి అని నువ్వే ఏడిస్తివంట. సూది పెరుక్కోమంటివి, కత్తెర పెరుక్కోమంటివి, ఒక్కణ్ణే వదలొద్దంటివి. పెండ్లాం మీద అలిగి మనిషి ఏమన్నా చేసుకుంటాడేమో అని మాకు భయం పుట్టదా?"

సుబ్బలక్ష్మమ్మ నుదురు కొట్టుకుంది. వెంకటమ్మ ఆగలేదు.

"మా ఇంటాయన పొయ్యి కత్తెర లాక్కున్నాడు. టీ అంగడి మునెప్ప మీ ఆయన మెడలోని కొలత టేపు పీకేసినాడు. బాకులు దాచినట్టు గుండుసూదుల డబ్బా కూడా దాచినారు. మీ ఆయనేమో, జాతరకు రవికలియ్యాల, కత్తెర ఇయ్యండ్రా అని ఒకటే గోల. ఆయన అడిగేకొద్దీ మాకు అనుమానం జాస్తి అయింది. సరే, మంచి మాటతో చెప్దామని అందరూ చుట్టూ కూర్చుంటిమి. కాఫీ ఇస్తిమి. బిస్కెట్టు ఇస్తిమి. ఎన్నడూ అప్పు పెట్టని మునెప్ప కూడా ఆయన వీపు నిమిరి, బతుకు మీద ఆశ వదులుకోవద్దన్నా అన్నాడు."

"అయ్యో నాయనా."

"ఆ మాటతోనే చెడింది. ఆయన మా ముఖాలన్నీ ఒక్కసారి చూసినాడు. 'అంటే డాక్టరు ఫోను చేసినాడా? నేనింక బతకనని చెప్పినాడా?' అన్నాడు. మాకు ఏం చెప్పాలో తెలీక తల వంచుకుంటిమి. అంతే, రొమ్ము పట్టుకొని కూలబడినాడు. చెయ్యి పెట్టి చూస్తే గుండె, జాతరలో పలకలు కొట్టినట్టు కొట్టుకుంటాండాది."

సుబ్బలక్ష్మమ్మ అప్పుడు మునగాకు సంగతి చెప్పింది. వెంకటమ్మ అంతా విని, ఫ్లాస్కు ఒడిలో పెట్టుకొని, "అయితే ఆయన చచ్చిపోవాలనుకోలేదు, నువ్వే చంపినావన్నమాట," అంది. ఓదార్చడానికే అంది.

మదనపల్లె ఆసుపత్రి వరండాలో బెంచీ మీద సిద్దప్ప కూర్చుని ఉన్నాడు. ఒక చెయ్యి గోవిందస్వామి పట్టుకున్నాడు, ఇంకొకటి మునెప్ప పట్టుకున్నాడు. గుండె వేగం తగ్గడానికి సూది మందు ఇచ్చారట, దడ దిగింది. భార్యను చూడగానే ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"వచ్చినావా? కడసూపుకు నిన్ను కూడా పిలిపించినారా?"

ఆమె ఆ మాట వినలేదు. ఆయన మోచేతి దగ్గర దూది చూసింది. "ఆగిందా? రక్తం ఆగిందా?"

"పరీక్షకు తీసినారే. ఎప్పుడో ఆగింది."

ఆమె దూది ఎత్తి చూసింది. నిజంగానే ఆగింది. నమ్మకం కుదరక ఇంకోసారి ఎత్తి చూసింది.

ఇంతలో డాక్టరు పిలిచాడు. ఈసారి సుబ్బలక్ష్మమ్మ వరండాలో కూర్చోలేదు, అందరికంటే ముందు లోపలికి పోయింది. డాక్టరు చేతిలో పరీక్ష కాగితం ఉంది. ముఖం వెలిగిపోతోంది.

"సిద్దప్పా, నీ గుండె భయంతో పరిగెత్తింది గాని, రక్తం మాత్రం ఈ రోజు ఎక్కడ ఉండాలో సరిగ్గా అక్కడ ఉంది. ఏడాదికి దారికొచ్చింది! రెండు మాత్రలు సరిపోయాయి. ఈ నెల ఏం చేసినావో, ఏం తిన్నావో, ఇక ముందు కూడా అదే చెయ్యి."

గోవిందస్వామి దేవుడికి దండం పెట్టాడు. మునెప్ప ఊళ్ళో తన టీ అంగడికి తిరిగి పోవడానికి లేచాడు. నోరు మూసుకొని ఇంటికి పోతే అంతటితో అయిపోయేది. కాని సుబ్బలక్ష్మమ్మకు మెస్సువాడి బంగాళాదుంప గుర్తొచ్చింది. ఈ నెల ఈయన చేసింది ఆకు తినకపోవడం. తను ఇంటికి పోయి మళ్ళీ పొయ్యి ముట్టించాక ఏమవుతుంది?

"సారూ," అంది. "మీకొక మాట చెప్పాల."

చెప్పింది. తాళింపు, పప్పు, పుల్లగూర, పక్కవాళ్ళ చెట్టు, ఏదీ దాచలేదు. డాక్టరు ముఖం మెల్లమెల్లగా ఎర్రబడింది.

"ఆకుకూర ఉన్నట్టుండి పెంచొద్దు, తగ్గించొద్దు అని మొదటి రోజే చెప్పినాను గదయ్యా!" అని సిద్దప్ప మీదికి లేచాడు.

"దెబ్బ తగిలితే రక్తం ఆగదంటిరి గదా సారూ. ఆ మాట తరువాత నాకింకేమీ వినపళ్ళేదు."

డాక్టరు ఇంకేదో అనబోయి ఆగాడు. కాగితం మళ్ళీ చూశాడు. "ఆగండి. నెల రోజులుగా ఆకు లేదు. రెండు మాత్రలు మింగుతున్నావు. అయితే ఈ పాటికి నీ రక్తం నీళ్ళ మాదిరి అయి ఉండాలి. కాలేదే. ఎట్లా?"

ఒక్కొక్కరే తల తిప్పి సిద్దప్ప వైపు చూశారు. సిద్దప్ప పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూస్తున్నాడు.

"ఏమయ్యా?" అంది సుబ్బలక్ష్మమ్మ.

"ఈడ కొంచెం ఉడుకుగా ఉండాది గదా?"

"సిద్దప్పా," అన్నాడు డాక్టరు.

"సారూ, చిన్న దెబ్బకు కూడా రక్తం ఆగదంటిరి. నేనా, దినామూ వేలు పొడుచుకునే బతుకు. అందుకని మీరు ఒకటి రాస్తే సగం మింగినా."

"ఒకటిన్నర రాసినప్పుడు?"

"సగమే."

"రెండు రాసినప్పుడు?"

"రెండు అనేసరికి నాకే భయమేసింది సారూ, నా రక్తం రాయి అయిపోతాందేమో అని. ఒకటి మింగినా."

సుబ్బలక్ష్మమ్మ గోడ పట్టుకుంది. డాక్టరు కుర్చీలో వెనక్కు వాలి కళ్ళు మూసుకున్నాడు.

"అంటే," అన్నాడు కళ్ళు తెరిచి, "నేను మొదటి రోజు రాసింది ఆ ఒక్క మాత్రే గదా."

"అవును సారూ."

"ఈయన మింగడు, ఆమె విరుగుడు పెడుతుంది. ఇద్దరూ కలిసి ఏడాది పాటు నా చేత మాత్రలు పెంచించినారు." ఆయన గొంతులో కోపం పోయింది. అది పోయాక వచ్చిన మాట ఇంకా భయంగా ఉంది. "ఈ ఏడాదిలో ఏ రోజైనా గడ్డ కట్టి ఉండొచ్చు. ఆ రెండు మాత్రలూ నిజంగా మింగి ఉంటే, ఈ నెలలో ఏ రోజైనా లోపల రక్తం కారి ఉండొచ్చు. నువ్వు ఇట్లా కూర్చొని ఉండటం నా గొప్ప కాదు, మీ గొప్పా కాదు."

సుబ్బలక్ష్మమ్మ, సిద్దప్ప ఇద్దరూ ఆ ప్రాణాన్ని కాపాడుతున్నామనే అనుకున్నారు. ఇద్దరి కాపుదలకూ మధ్య ఆ మనిషి ఏడాదంతా గోడ మీద నడిచాడు.

"ఇక ఒక్క మాత్ర, ముక్క చెయ్యకుండా, రోజూ ఒకే వేళకు," అన్నాడు డాక్టరు. "వేగం తగ్గించే మాత్ర వేరే, అది మానొద్దు. వచ్చే వారమే మళ్ళీ పరీక్ష. ఆకుకూర అందరూ తినేంత తినొచ్చు, అంతకు మించి వద్దు. ఇంట్లో ఎవరు ఏది మార్చాలన్నా ముందు నన్ను అడగాలి. అర్థమైందా?"

"ఈసారి వినపడింది సారూ," అన్నాడు సిద్దప్ప.

సుబ్బలక్ష్మమ్మ కూతుర్నీ మనవరాల్నీ పుంగనూరుకే తెచ్చుకుంది. సిద్దప్ప గుండె ఇప్పటికీ తన ఇష్టం వచ్చినట్టే కొట్టుకుంటుంది. మాత్రలతో, పరీక్షలతో దాన్ని ఓ దారిలో పెట్టి కాపురం చేస్తున్నారు. కాని ఒకరి మీద ఒకరికి నమ్మకం మాత్రం తిరిగి రాలేదు. ఆమె పొయ్యి ముట్టించిందంటే ఆయన మిషను ఆపి వచ్చి, కూర దించేదాకా గిన్నెలోకి తొంగి చూస్తూ పక్కనే పీట వేసుకొని కూర్చుంటాడు. మాత్ర వేళకు ఆమె నీళ్ళు తెచ్చి, ఆయన మింగి, నోరు తెరిచి, నాలుక ఎత్తి చూపించేదాకా ముఖంలో ముఖం పెట్టి కదలకుండా నిలబడుతుంది. రవికలు కుట్టించుకోవడానికి వచ్చే ఆడవాళ్ళు ఇది చూసి, ఈ వయసులో ఎంత అన్యోన్యం అనుకుంటూ ఇంటికి పోయి తమ మొగుళ్ళను తిట్టుకుంటున్నారు.